ఒకింటి బియ్యం

శనివారం పొద్దున చింతలదొనలో ఏ ఇంట్లోనూ ఎసరు కాగకముందే ఏంజిలమ్మ గడప ముందు నిలబడేది. చేతిలో పాత పాలపిండి సంచి. ఎప్పటి కరువులోనో పరదేశం నుంచి పాలపిండి వచ్చిన సంచి అది. మీది అచ్చు ఉతికి ఉతికి వెలిసిపోయింది గానీ కుట్టు మాత్రం ఒక్కటీ ఊడలేదు.

"ముంత తియ్యండమ్మా," అనేది. అంతకు మించి అడగడం ఆమెకు చేతకాదు.

ఆ ఊరి క్రైస్తవుల ఇళ్లలో పొయ్యి పక్కన మట్టి ముంత ఒకటి ఉంటుంది. రోజూ అన్నానికి బియ్యం కొలుచుకున్నాక, కడగబోయే ముందు, ఇంటావిడ అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేస్తుంది. తన ఇంట్లో కూడు తక్కువైనా సరే, ఆ పిడికెడు మాత్రం తప్పదు. తాతల నాటి ఆచారం. వారానికోసారి ఆ ముంతలన్నీ ఏంజిలమ్మ సంచిలోకి ఒరుగుతాయి. ఆ సంచి, పని చెయ్యలేని నలుగురి గుడిసెల్లోకి పోతుంది.

ఆమె అసలు పేరు ఏంజెలిన్. ఉదయగిరి బోర్డింగు బడిలో దొరసాని పెట్టింది. ఊరి నోట్లో పడి ఏంజిలమ్మ అయింది. ఐదో తరగతి చదివింది. మొగుడు బావి పనిలో రాయి మీద పడి చనిపోయాక, సంఘం వాళ్లు ఆమెను బైబిలు స్త్రీగా పెట్టుకున్నారు. ఇంటింటికీ పోయి వాక్యం చదవడం, ఆదివారం పిల్లలకు ఇసుకలో అక్షరాలు దిద్దించడం, శనివారం బియ్యం ఎత్తడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తూ వచ్చింది.

"వదినా, నా పిడికిలి చిన్నది. దేవుడే అట్టా చేసినాడు, నేనేం చేసేది?" అని పక్కింటి సుకుమారి ముంత వంచుతూ నవ్వేది.

"అయితే రెండు తియ్యి. చేతులు రెండిచ్చినాడు గదా."

"నీతో మాట్లాడి ఎవురు గెలిచినారులే!"

ముప్పై ఇళ్ల బియ్యం ఒక్క సంచిలో కలిస్తే ఎట్లా ఉంటుందో వండినవాళ్లకే తెలుస్తుంది. ఒకరివి పాత బియ్యం, ఒకరివి మొన్న దంచినవి, ఒకరివి నూకలు, ఒకరివి స్టోరులో ఇచ్చే రెండు రూపాయల బియ్యం. నూకలు గుజ్జయ్యే వేళకు పాత బియ్యం ఇంకా పలుకు మీదే ఉంటాయి. ఎంత నేర్పుగా వండినా ఆ అన్నం ఒక తీరుగా రాదు. ఏంజిలమ్మ మొదట్లో దానికి బాధపడేది. పెంచలమ్మ పరిచయమయ్యాక బాధపడడం మానేసింది.

పెంచలమ్మది చెరువు కింద ఉండే యానాదుల గూడెం. పిల్లల్లేరు, మొగుడు లేడు. పడుచుతనంలో మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఊత వేసిందంటే చేప తప్పించుకునేది కాదని పేరు. ఊతంటే అడుగు లేని వెదురు బుట్ట. బురదలో గభాలున బోర్లించి, పైనుంచి చెయ్యి పెట్టి చేపను తడిమి పట్టాలి. ఇప్పుడు ఆమెకు రెండు కళ్లూ పోయాయి. ఊత మాత్రం గుడిసె చూరుకు ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆమె కలగలుపు అన్నాన్ని నోట్లో పెట్టుకుని, నాలుకతో ఇళ్లు లెక్కపెట్టేది. "ఇది సుకుమారి ఇంటిది. ఆ పిల్ల రాళ్లు ఏరదు. ఇది పైవీధి మేస్త్రీ వాళ్లది, పాత బియ్యం. అబ్బ, ఈ నూకలెవురివమ్మే, కోళ్లకేసేవి!" అని నవ్వేది. "ఊరంతా నా పళ్లెంలోకొచ్చి కూచునుండాది చూడు ఏంజిలా," అనేది.

చర్చిలో కొందరు మొదట్లో గొణిగారు. ఆమె చర్చికి రాదు, ఆమె దేవర వేరు, ఆమెకెందుకు మన బియ్యమని.

"ఆకలికి బాప్తిస్మం ఇచ్చి చూసుకున్నామా ఏంది?" అంది ఏంజిలమ్మ. ఆ మాటతో గొణుగుడు ఆగింది.

తొంభై ఆరులో ముసలివాళ్లకు సర్కారు నెలకు డెబ్బై అయిదు రూపాయలు ఫించను ఇస్తుందని కబురొచ్చింది. ఊళ్లో ఏ అర్జీ అయినా రాసేది డేవిడ్‌రాజు. ప్రాథమిక బడిలో పంతులు, సంఘానికి సెక్రటరీ. అతని రాత గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టుంటుంది. 'ళ' రాసేటప్పుడు చివర ఒక చిన్న చుట్టు చుడతాడు. ఆ చుట్టు నేర్పింది ఏంజిలమ్మే. చర్చి ముందర ఇసుకలో వాడి వేలు పట్టుకుని దిద్దించింది. ఇప్పటికీ వాడి రాత ఎక్కడ కనిపించినా ఆమె ఒక్క క్షణం ఆగి చూసుకునేది.

డేవిడ్‌రాజు ఏడుగురి పేర్లు రాశాడు. అందులో ఏంజిలమ్మ నలుగురూ ఉన్నారు. పెంచలమ్మ వయసు కనుక్కుని రమ్మంటే ఏంజిలమ్మ గూడేనికి పోయింది.

"వయసా? చెరువు తెగిన ఏడు నాకు పెళ్లయింది. రాసుకోమను."

"అట్టా రాస్తే ఒప్పుకోరు పెంచలక్కా."

"చెరువు తెగింది అబద్ధమా ఏంది?" అని కసిరి, కాసేపటికి గొంతు తగ్గించింది. "అమ్మే, ఆ దుడ్లొస్తే నేనేం చేస్తానో తెలుసునా? చేపలు కొంటా."

"చేపలా!"

"ఇప్పుడు చెరువు పాటకి పోయె. కాంట్రాక్టరోడు మమ్మల్ని నీళ్లలో కాలు పెట్టనీడు. బియ్యం పెట్టేవాళ్లుండారు. చేప ఎవురన్నా ఊరికే పెడతారా? గట్టు మీదికి పోయి, ఇదిగో దుడ్లు, ఒక కొరమీను ఇయ్యరా అని అడగాల నేను. బేరమాడాల. ఇదేంది ఇంత చిన్నదిచ్చినావని వాణ్ని తిట్టాల."

తిట్టే సంబరం తలుచుకుని ముసలిది ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు ఏంజిలమ్మ మనసులో కూర్చుండిపోయింది. ఇన్నేళ్లూ తాను పెట్టినదాన్ని ఆమె కాదనకుండా తిన్నది గానీ, ఇది కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. ఎట్లాగైనా ఈ ఫించను ఇప్పించాలనుకుంది.

విచారణకు ఆఫీసరు వచ్చాడు. ఊళ్లో గట్టి కప్పున్న చోటు చర్చి ఒక్కటే కాబట్టి కుర్చీ అక్కడే వేశారు. జనం ఎప్పటిలాగే, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. డేవిడ్‌రాజు ఆఫీసరు పక్కన కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు.

ఆఫీసరు ఏడుగురిలో ఇంట్లో చూసే దిక్కు లేని ఆ నలుగురి పేర్లు చదివి, "వీళ్లను ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగాడు.

అందరూ ఏంజిలమ్మ వైపు చూశారు. ఆమె లేచింది. పైట చెంగు తల మీదికి లాక్కుంది. ఆ చాపల మీద నుంచి లేచి, ఆ గోడల మధ్య నిలబడి ఆమె మాట్లాడిందంటే, ఇరవై రెండేళ్లుగా అది సాక్ష్యమే. సాక్ష్యంలో లేమి చెప్పకూడదు. దేవుడు లేమి తీర్చిన సంగతే చెప్పాలి. బోర్డింగులో నేర్పింది అదే, ఆమె పిల్లలకు నేర్పిందీ అదే.

"అయ్యా, ఇరవై రెండేండ్లుగా ఈ ఊళ్లో ఒక్క ముసలి ప్రాణం గూడా పస్తుతో పడుకోలేదు. పిడికెడు పిడికెడు ఎత్తి పెట్టుకుంటుండాం. మా తల్లులు తాము తినకపోయినా ముంత మాత్రం ఖాళీగా పెట్టలేదు. దేవుడు ఇంతవరకూ నడిపించినాడు, ఇక ముందూ నడిపిస్తాడు."

"ఆమేన్," అన్నారు ఆడవాళ్లంతా.

ఆఫీసరు ముఖం విప్పారింది. "ఇట్లాంటి ఊరు నేను చూడలేదమ్మా," అన్నాడు. "పంతులుగారూ, ఆమె చెప్పింది రాసి సంతకం తీసుకోండి." డేవిడ్‌రాజు బల్ల మీద వంగి రాశాడు. కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె ఆ గుండ్రటి అక్షరాలను మురిపెంగా చూసుకుని కింద సంతకం చేసింది. చదవలేదు. వాడు రాసింది ఆమె ఎందుకు చదవాలి?

ఆ సాయంత్రమే గూడేనికి పోయి, "నీ పని అయినట్టే పెంచలక్కా. ఆఫీసరు మెచ్చుకునిపోయినాడు," అని చెప్పింది.

"అయితే కొరమీను తలకాయ నీకు," అంది పెంచలమ్మ.

తరవాత నెలలో కోతల పండుగ వచ్చింది. ఆరాధన అయ్యాక డేవిడ్‌రాజు తీర్మానాల పుస్తకం తెరిచి చదివాడు. ముసలివాళ్లను ఇక సర్కారే చూసుకుంటుంది గనక, పిడికెడు బియ్యం ఇకనుంచి ఇళ్ల దగ్గర ఎత్తకుండా చర్చిలో పెట్టే డ్రమ్ములో పోయాలి. ఆ బియ్యం వింజమూరులో అమ్మి చర్చికి గంట గోపురం కట్టాలి.

"లిస్టు రాలేదు గదా అబ్బయా," అంది ఏంజిలమ్మ.

"వచ్చినట్టే అత్తా. నీకెందుకు దిగులు?"

గోపురం మాట వినగానే జనం చప్పట్లు కొట్టారు. ఊళ్లో గంట మోగితే ఎట్లా ఉంటుందో ఆమెకూ ఆశే. ఊరుకుంది. ఇంట్లో మిగిలిన సంచి బియ్యాన్ని సర్ది, లిస్టు వచ్చేదాకా రెండు వారాలు నెట్టుకొచ్చింది.

లిస్టు వచ్చింది. మూడు పేర్లే ఉన్నాయి. ఒకటి డేవిడ్‌రాజు తల్లిది. మిగతా రెండూ, పనులు ఎవరిని అడిగితే అవుతాయో తెలిసిన వాళ్లవి. ఏంజిలమ్మ నలుగురిలో ఒక్కరు కూడా లేరు.

పొద్దున బస్సు పట్టుకుని ఆమె మండలాఫీసుకు పోయింది. గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. బెంచీ చూపించి, బీరువాలోంచి కట్ట తీసి, దుమ్ము దులిపి ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు.

"చూడమ్మా. రూలేందంటే, కన్నబిడ్డలు గానీ ఇంకెవరు గానీ పోషించే దిక్కు లేనోళ్లకే ఫించను. మీ వాళ్లకు దిక్కుండాదని మీరే రాసిచ్చినారు గదా. ఈ సంతకం నీదేనా?"

తనదే. పైనున్న మాటలూ తనవే. ఇరవై రెండేండ్లు, పస్తు, ముంత, దేవుడు. ఆఖరి వాక్యం ఒక్కటి తనది కాదు: 'కావున పై నలుగురికీ సంఘమే జీవితాంతము ఆదరణ కల్పించగలదని, వీళ్లకు ప్రభుత్వ సహాయము అవసరము లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' 'వీళ్లకు' అన్న మాటలో 'ళ' చివర చిన్న చుట్టు ఉంది.

ఆమె వేలు ఆ చుట్టు మీద ఆగిపోయింది. ఇసుకలో వాడి వేలు పట్టుకున్న చెయ్యి ఇదే.

"మేం పెట్టింది మా దేవుడికి భయపడి పెట్టినాం సార్," అంది మెల్లగా. "మీరిచ్చేది ఆమె ముసలిదైనందుకు, కష్టం చేసి చేసి కళ్లు పోయినందుకు. ఈ రెండూ ఒకటెట్టయితాయి? మేం పిడికెడు పెట్టినామని మీ చెయ్యి ముడుచుకుంటే ఎట్టా?"

గుమాస్తా పెన్ను మూత పెట్టి తీశాడు. "నువ్వు చెప్పేది నిజమేనమ్మా. నాకుండేది కాగితమే. ఒక పని చెయ్యి. ఆ బియ్యం పెట్టడం ఆగిపోయిందని సంఘం లెటరు తెచ్చియ్యి. మళ్లీ విచారణకు రాస్తాం."

ఆగిపోయిన మాట నిజమే కదా. ఆ ఒక్క ఆశతో, బస్సు దిగి దిగగానే ఆమె తిన్నగా డేవిడ్‌రాజు ఇంటికి పోయింది. వాకిట్లో నులక మంచం మీద అతని తల్లి కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. డేవిడ్‌రాజు లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ ఆఖరి మాట నేనెప్పుడు చెప్పినాను డేవిడూ?"

అతను అర్థం కానట్టు నటించలేదు. "అత్తా, ఊరికి మూడే వచ్చినాయి. ఏడుగుర్లో నలుగుర్ని కొట్టెయ్యాల. కొట్టెయ్యాలంటే ఏదో ఒక కారణం రాయాల గదా. వాళ్లకు కూడన్నా ఉండాదనుకున్నా."

"మీ అమ్మకు లేదా?"

ముసలామె ఒలవడం ఆపి కొడుకు వైపు చూసింది.

"అమ్మకు డెబ్బై దాటినాయి. వయసు ప్రకారం వచ్చింది."

"పెంచలమ్మకు కూడుండాదని సర్కారుకు రాసినావు. సర్కారు చూసుకుంటాదని సంఘానికి చదివినావు. రెండూ నీ చేత్తోనే రాసినావు. ఆ ముసల్ది ఇప్పుడు ఏ కాగితం తినాల నాయనా?"

డేవిడ్‌రాజు తల దించుకున్నాడు. ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "పోనీలే. అయిపోయిందేదో అయిపోయింది. సంఘం బియ్యం ఆపేసిందని రెండు ముక్కలు రాసియ్యి. నేనే తీసకపోతా."

"అదెట్టా రాసేది అత్తా? ముసలోళ్లకు పెట్టే కూడు ఆపి గోపురం కట్టుకుంటుండామని మన సంతకంతో మనమే ఇచ్చుకుంటామా? రేపు పది ఊళ్ల సంఘాలు కూడితే మొహం యాడ పెట్టుకునేది?"

"ఆపినప్పుడు రాని సిగ్గు, ఆపినామని రాసేటప్పుడు వచ్చిందా నీకు?"

అతనికి కోపం వచ్చింది. కోపంలో అన్న మాటైనా, ఏంజిలమ్మకు చాలాకాలం నిద్ర పట్టనివ్వని మాట అది. "నిండు సభలో లేచి, పస్తులే లేవని చెప్పింది ఎవురత్తా? నేను గాదే!"

ఆమె వాకిలి దాటి వీధిలోకి నడిచింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. ఏంజిలమ్మ లేచింది. చెంగు తల మీదికి లాక్కుంది. గోడకు చెయ్యి ఆనించింది.

"ఆఫీసరు ముందర నేను ఒక సాక్ష్యం చెప్పినాను. ఈ ఊళ్లో పస్తుండే ప్రాణం లేదన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటుండా. ఉండారు. మనం పెట్టే నలుగురిలో శీనయ్య ఈ వారం రెండు పూటలు నీళ్లు తాగి పడుకున్నాడు. పెంచలమ్మ అడిగితే చెప్పదు. దేవుడు నడిపిస్తాడని నేనన్నాను. దేవుడు నడిపించింది మన చేతుల్తో. మనం చేతులు తీసేసినాం. నా అతిశయానికి నన్ను క్షమించండి."

ఆమె ఆగింది. అంత చెప్పాక ఆమేన్ అనడం అలవాటు. ఎవ్వరూ అనలేదు. ఆడవాళ్ల వరసలో సుకుమారి పెదవులు కదిలినట్టే కదిలి ఆగిపోయాయి. డేవిడ్‌రాజు కీర్తన నంబరు చెప్పాడు. అందరూ పుస్తకాల్లో పేజీలు వెతుక్కున్నారు.

శనివారం ఆమె పాలపిండి సంచి తీసుకుని బయలుదేరింది. "ముంత తియ్యండమ్మా." మొదటింట్లో, డ్రమ్ములో పోసినామన్నారు. రెండో ఇంట్లో తలుపు సగమే తీశారు. మూడో ఇంట్లో, పంతులుగారు ఒప్పుకుంటే అలాగేనన్నారు. పైవీధి మేస్త్రీ పెళ్లాం, "గంట మోగితే నీకూ పుణ్యమే గదమ్మా," అంది, ఓదార్చుతున్నట్టు. ఇరవై తొమ్మిది గడపలూ అయ్యాయి.

ఆఖర్న సుకుమారి ఇల్లు. ఆమె ముంత బయటికి తేలేదు. వాకిట్లోనే నిలబడి పైట కొసను వేలికి చుట్టుకుంటోంది.

"వదినా, డ్రమ్ములో పొయ్యనోళ్ల పేర్లు చర్చిలో చదువుతారంట. నేను కూలికి పోయేది ఆ సంఘం పెద్దల మళ్లోకే గదా."

"నీ పిడికిలి చిన్నదని నాకు తెలుసులే," అంది ఏంజిలమ్మ. ఎప్పటి ఎగతాళే అది. ఈసారి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వచ్చి తన డబ్బా మూత తీసింది. స్టోరు బియ్యం. నలుగురికీ నాలుగు పాళ్లు చేసింది. తన పాలికి డబ్బా అడుగున గోకాల్సి వచ్చింది. రాళ్లు ఒక్కటి లేకుండా ఏరింది. మామూలుగా బియ్యమే ఇచ్చి వచ్చేది గానీ, పెంచలమ్మకు రెండు రోజులుగా లేవడం కష్టంగా ఉందని తెలిసి, ఆమెది మాత్రం వండి, పచ్చిపులుసు చేసి తీసుకుపోయింది.

పెంచలమ్మ గుడిసె ముందర పళ్లెం తడుముకుని కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎప్పటిలాగే పేర్లు మొదలు పెట్టబోయి ఆగింది. ఇంకో ముద్ద పెట్టుకుని నిదానంగా నమిలింది.

"ఏమ్మే ఏంజిలా. అన్నం శానా బాగా ఉడికినాది."

"తిను పెంచలక్కా."

"ఒక్క తీరుగా ఉడికినాది. ఒక్క పలుకన్నా లేదే."

పెంచలమ్మ ఇంకో ముద్ద కలిపింది.

"ఇది ఒకింటి బియ్యం గదా?"

ఏంజిలమ్మ పళ్లెంలో ఇంకాస్త పులుసు పోసింది.

"చెప్పబాక. ఎవురిల్లో నాకు తెలిసింది. ఫించను గూడా పోయినట్టేనా?"

"నా నోటితోనే పోగొట్టినాను పెంచలక్కా."

పెంచలమ్మ ఎందుకని అడగలేదు. పళ్లెంలో అన్నాన్ని వేళ్లతో మధ్యకు పాయ తీసింది. ఒక పాయలోంచి పిడికిలి నిండా తీసి, గాలిలోకి చెయ్యి చాపింది. "నా దగ్గర ముంత లేదు. పట్టు. నువ్వు తినలేదని నీ గొంతే చెప్తా ఉండాది."

ఇరవై రెండేళ్లు సంచి పట్టిన మనిషి ఏంజిలమ్మ. తన కోసమని అరచెయ్యి చాపడం ఆమెకు తెలియదు. రెండు చేతులు దగ్గర పెట్టి మెల్లగా ముందుకు చాపింది. పిడికిలి తెరుచుకుని వెచ్చటి అన్నం దాంట్లో పడింది.

కింద చెరువులో కాంట్రాక్టరు మనుషులు వల లాగుతున్నారు. హైలెస్స అని కేకలు గట్టు దాటి వినబడుతున్నాయి. పెంచలమ్మ నమలడం ఆపి చెవి అటు తిప్పింది.

"ఏం పడినాయమ్మే? కొరమీన్లా?"

ఏంజిలమ్మ చూసింది. ఒడ్డు మీద వల విప్పుతున్నారు. బారెడు కొరమీన్లు నల్లగా, తళతళలాడుతూ ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏమీ పళ్లేదు పెంచలక్కా," అంది. "వట్టి నాచు."